కింది అయిదు వరుసలు

ఆధార్ కార్డు మీది ఫోటోలో కూడా ఆయన కొట్టడానికి వస్తున్నట్టే ఉన్నాడు. ఆ కార్డు తెచ్చింది ఆయన బిడ్డ. నలభై దాటి ఉంటుంది. కోరుట్లలో నా ఫ్లెక్సీ దుకాణం తెరిచీ తెరవకముందే వచ్చి, అయ్య పోయిండు, దినాలకు బ్యానర్ కొట్టాలె, ఉన్న ఫోటో గిదొక్కటే అని బల్ల మీద పెట్టింది. ఆటోలోంచి గోనెసంచిలో చుట్టిన పెద్ద పలక లాంటిదేదో దింపించి గోడకు ఆనించింది. అదేమిటని అడిగితే ముందు బ్యానర్ పని కానీయమంది.

పోయినవాళ్ల ముఖాలను అందంగా చేయడం ఇప్పుడు నా బతుకుదెరువు. మచ్చలు తీసేస్తాను, మాసిన అంగీ మీద తెల్ల అంగీ తొడుగుతాను, వెనకాల నీలం మబ్బులు పెడతాను. ఆయన ముఖాన్ని తెర మీద పెద్దది చేసుకొని కూర్చున్నానే గానీ ఒక్క గీత చెరపడానికి చెయ్యి రాలేదు. నా మెడకు ఎడమవైపు, కాలర్ కింద, బొటనవేలంత వెడల్పు వాత ఉంది. అది ఉన్నట్టుండి చిమచిమలాడింది. అబద్ధమెందుకు, భయమేసింది.

కథలాపూర్ నుంచి చందుర్తి వైపు పోతూ ఒకచోట రోడ్డు దిగి తాటివనం దాటితే, రెండు గుట్టల నడుమ ఒక వాగు పారుతుంది. మా వైపు అలాంటి లోయను లొద్ది అంటారు. ఆ లొద్దిలో, వాగు ఒడ్డున, మనిషెత్తు రాళ్లు ఏడు ఉండేవి. పోరులో చచ్చినవాళ్ల కోసం నిలిపిన వీరగల్లులని చదువుకున్నవాళ్లు చెబుతారు. ఒక రాతి మీద గుర్రమెక్కి బల్లెంతో పొడుస్తున్నవాడు. ఇంకొకదాని మీద జారిన పేగులను ఎడమచేత్తో పట్టుకొని కుడిచేత్తో కత్తి తిప్పుతున్నవాడు. మరొకదాని మీద తన జుట్టు తానే పట్టుకొని తల కోసుకుంటున్నవాడు. ఒక్కడి ముఖంలోనూ ఏడుపు లేదు. పక్కన గుట్ట గోడకు ఎర్రరంగుతో ఎప్పుడో గీసిన ఎద్దులు, వాటి వెంట పరుగెత్తే మనుషులు. సర్కారు ఆ చోటును రక్షిత ప్రదేశమని ప్రకటించి, ఒక నీలం రేకు బోర్డు పాతి, ఆయన్ని కావలి పెట్టింది.

ఆయన అసలు తాళ్లెక్కి కల్లు గీసే మనిషి. చెట్టు మీద నుంచి పడి కుడికాలు విరిగింది. అతికింది గానీ పొట్టిదైంది. చెట్టు మానుకున్నాడు, మోకు మానుకోలేదు. చెట్టుకూ నడుముకూ వేసుకొని ఎక్కే ఆ లావుపాటి తాడు ఎప్పుడూ భుజం మీదే ఉండేది. ఇక దాంతో మనుషులను కొట్టేవాడు.

కొట్టడం ఆయనకు కోపం వచ్చినప్పుడు చేసే పని కాదు, డ్యూటీ. జగిత్యాల నుంచి కోడికూర, సీసాలు పట్టుకొని దిగిన కుర్రాళ్లలో ఒకడు గుర్రపువాడి రాతికి సీసా కొట్టి పగలగొడితే, వాడి వీపు మీద రెండు వాయించి, పగిలిన ముక్కలన్నీ వట్టి చేతుల్తో ఏరించాడు. వాడి వేళ్ల నుంచి రక్తం కారుతుంటే, రాతి మీద పడకుండా దూరంగా పట్టుకొమ్మన్నాడట. ఇంకొకడు తన వెంట వచ్చిన అమ్మాయి పేరు రాతి మీద బండి తాళంతో గీస్తూ దొరికాడు. ఒక్క చెంపదెబ్బకు వాగులో పడ్డాడు. ఆ అమ్మాయి ఏడుస్తుంటే ఈయన రుమాలు తడిపి రాయి తుడుస్తూ కూర్చున్నాడు. ఆ కుర్రాడి చిట్లిన పెదవి వంక చూడనైనా లేదు. ఊళ్లో ఆయన్ని పిచ్చోడనేవాళ్లున్నారు, మొండోడనేవాళ్లున్నారు. మంచోడని ఎవరూ అనగా నేను వినలేదు.

అప్పటి నుంచే ఒక పద్ధతి పెట్టుకున్నాడు. లొద్దిలోకి ఎవరు దిగాలన్నా తాటిచెట్టు కింద ఆయన పరిచిన రుమాలులో తాళంచెవులు వేసి పోవాలి. మొలలు, పిన్నులు, పెన్నులు, చివరికి ఆడవాళ్ల తలపిన్నులు కూడా. ఎంత పెద్ద ఆఫీసరైనా సరే. ఇవ్వనంటే మోకు భుజం దిగేది. ఎందుకు తాతా ఇంత గొడవ, ఊరికే అరుస్తావు అని ఎవరో అంటే ఒక మాట అనేవాడు. తరువాత అది మా వైపు సామెతలా తిరిగింది.

"రాయి ఒర్లదు. గందుకే నేను ఒర్లుత."

నేను ఆయన్ని మొదటిసారి చూసింది తెలంగాణ ఉద్యమానికి కొన్నేళ్ల ముందు. అప్పటికి ఫ్లెక్సీలు మా ఊళ్లోకి ఇంకా రాలేదు. నేను కుంచెతో బోర్డులు రాసే ఆర్టిస్టును. జగిత్యాల బట్టల షాపుల నుంచి సిరిసిల్లలో మరమగ్గాలు ఆడే సాంచాల షెడ్ల దాకా, గోడ మీదైనా రేకు మీదైనా నా అక్షరమంటే ఒక పేరుండేది. ఆ పొగరూ ఉండేది. లొద్దిలో సర్కారు బోర్డు ఎండకు వెలిసిపోతే మళ్లీ రాయడానికి నన్ను పంపారు. దిగగానే తాళం అడిగాడు, ఇచ్చాను. డబ్బా మూత తీసే పేచీమొల అడిగాడు. అది లేకుండా రంగెట్లా కలపాలని ఎదురు తిరిగాను. మోకు వంక చూశాడు. ఇచ్చాను. మూత పళ్లతో లాగాను.

బోర్డు మీద మొత్తం ఆరు వరుసలు. పైన రాష్ట్రం పేరు, ప్రభుత్వం. కింద అయిదు వరుసల్లో ఈ లోయ, ఇందులోని శిల్పాలు, చిత్రాలు చట్టప్రకారం రక్షితమని, చెక్కినా గీసినా తొలగించినా శిక్ష అని, సర్వే నంబరు, హద్దులు, ఉత్తర్వు. ఆయనకు చదువు రాదు. నేను ఒక్కో వరుస రాయడం పూర్తి కాగానే గట్టిగా చదవమనేవాడు. తను అనేవాడు. తప్పు పోతే మళ్లీ చదివించేవాడు. సాయంత్రానికి అయిదు వరుసలూ నోటికొచ్చాయి. పై వరుస ఎందుకు నేర్చుకోలేదని అడిగితే, సర్కార్లు మారుతయ్, రాళ్లు మారయ్ గదా అన్నాడు. పని అయ్యాక ముంతలో కల్లు తెచ్చి, నాకు పోసే ముందు ఏడు రాళ్ల మొదళ్లలో తలా ఇంత సాక పోశాడు. ఆరింటికి నిలబడి పోశాడు. చివరిదాని దగ్గర మాత్రం కూర్చొని పోశాడు.

ఆ చివరి రాయి తాటివనం అంచున, మిగతావాటికి ఎడంగా ఉండేది. దాని మీద వీరుడికి చేతులున్నాయి, కత్తి ఉంది, ముఖం లేదు. ముఖం ఉండాల్సిన చోట నున్నటి గుంట.

గీతగాళ్లు కత్తి నూరడానికి మెత్తని రాతిపొడి వాడతారు. చెక్క మీద పొడి చల్లి దాని మీద కత్తిని తోముతారు. ఆ పదును లేకపోతే తాటిగెల కల్లు ఇవ్వదు. ఆ వీరగల్లు రాయి మెత్తనిది. ఇది ఆయన ఆ గుంటలో అరచెయ్యి పెట్టి నాకు చెప్పిన సంగతి.

"గీ మొఖం నేను తిన్న. మీసాలు రాని ఈడుల రోజింత గీకి పొడి తీసిన. ఏడాది తిరిగెటాల్లకు ముక్కు పోయింది, కండ్లు పోయినయ్. గా పొడితోటే కత్తి నూరిన, కల్లు తీసిన, బిడ్డను సాదిన. ఎవ్వడన్న వచ్చి ఒక్క దెబ్బ కొడితె ఆగుదును. ఎవ్వడు కొట్టలే."

గుంటలోంచి చెయ్యి తీసి, గందుకే నేను కొడుతున్న అన్నాడు.

ఆ మాట విన్న చెవులు నావే. ఆ తర్వాత చేసిన పని కూడా నాదే.

ఉద్యమం మా జిల్లాను పట్టి ఊపుతున్న రోజులు. బస్సులు బందు, బడులు బందు, రోడ్ల మీద వంటలు. ఎక్కడ సర్కారు బోర్డు కనిపించినా పైనున్న ఆంధ్రప్రదేశ్ అన్న పేరు మీద నల్లరంగు పూసి తెలంగాణ అని రాయడం మా పని. కుంచె పట్టినవాణ్ని కాబట్టి నేను లేకుండా జీపు కదిలేది కాదు. జగిత్యాల నుంచి సిరిసిల్ల దాకా ఎన్ని బోర్డులు మార్చానో నాకే గుర్తు లేదు. అవి నా జీవితంలో నేను అక్షరాన్ని నమ్మిన రోజులు. ఇప్పటికీ వాటికి సిగ్గుపడను, ఒక్క రోజుకు తప్ప.

ఆ వారమే మాతో తిరిగిన పిల్లవాడొకడు ఒంటికి నిప్పు పెట్టుకొని పోయాడు. పందొమ్మిదేళ్లు. నేను సిగ్గుపడే ఆ రోజుకు ముందు రోజు సిరిసిల్లలో మా మీద లాఠీలు విరిగాయి. సాంచాల మీద పనిచేసే ఒక కుర్రాడి తల పగిలి అయిదు కుట్లు పడ్డాయి. ఆ కట్టుతోనే మరునాడు జీపెక్కాడు. చందుర్తి మీదుగా కోరుట్లకు తిరిగి వస్తూ, లొద్దిలో సర్కారు బోర్డొకటి ఉందని చెప్పింది నేనే. నా చేతిరాతే కదా, మార్చేద్దామన్నాను.

ఆయన తాటిచెట్టు కింద లేచి నిలబడి, అలవాటుగా రుమాలు పరిచి, చాబీలు ఇయ్యున్రి అన్నాడు. పిల్లలు నవ్వారు. తలకు కట్టున్న కుర్రాడు నవ్వలేదు. మావోడు కాలిపోయిండు, నువ్వు రాళ్లకు కావలి గాస్తున్నవా అని బోర్డు మీద చెయ్యి వేశాడు. మోకు గాల్లో లేచింది. ఆ కుర్రాడు వంగాడు, దెబ్బ నా మెడకు తగిలింది. మంట తలలోకి పాకింది. కింద పడ్డాను. లేచేసరికి పిల్లలు జెండాకర్రలతో ఆయన మీద పడ్డారు. సమైక్యవాది అన్నారు, సర్కారు కుక్క అన్నారు. మూడుసార్లు పడి మూడుసార్లు లేచాడు. ప్రతిసారీ బోర్డుకు అడ్డంగానే లేచాడు. పళ్లు రాలాయి. నోట్లో రక్తం ఉమ్మేసి మళ్లీ మోకు తిప్పాడు. కట్టు కుర్రాడి మోచెయ్యి మీద తగిలి ఎముక చప్పుడైంది.

నాలుగోసారి లేవకుండా, ఆ పొట్టికాలు మీద తన్నింది నేను. ఎక్కడ తన్నితే పడతాడో మా జీపులో నాకొక్కడికే తెలుసు.

బోర్లా పడి, మట్టిలో గడ్డం ఆనించి, ఆయాసపడుతూ అన్నాడు. నాకు స్పష్టంగా వినిపించింది.

"పై వరుస మీది. మీ కోపం గా వరుస మీదనే గదా, తుడుసుకోన్రి. కింది అయిదు వరుసలు నాయి. గవి ముట్టకున్రి కొడుకా."

అందులో అన్యాయం ఏముంది? మేము వచ్చిన పని కూడా అంతవరకే. కానీ మెడ మండుతోంది, కళ్ల ముందు కాలిపోయిన పిల్లవాడున్నాడు, అందరూ నన్నే చూస్తున్నారు. బ్లాక్ జపాన్ నల్లరంగు డబ్బా మూత లాగి మొత్తం బోర్డు మీద గుమ్మరించాను. నా అక్షరాలు ఆరు వరుసలూ నల్లగా కారిపోయాయి. పిల్లలు కేకలు పెడుతూ బోర్డు పీకి వాగులో పడేశారు. జీపెక్కి కోరుట్ల చేరేదాకా నినాదాలిస్తూనే ఉన్నాను.

రెండు నెలలకు దుకాణం ముందుకొచ్చాడు. చంకలో కర్ర. వీపుకు మోకుతో కట్టిన, వాగులోంచి తీసిన ఆ బోర్డే. కథలాపూర్‌లో బస్సెక్కి, దాన్ని అలాగే మోసుకొచ్చాడు. కాలు గురించి ఒక్కమాట అనలేదు. గ్రానైటోళ్లు మిషిన్లు దింపిన్రు, గుట్టకు బెజ్జాలు పొడుస్తున్నరు, అడిగితే బోర్డేది అంటున్నరు అన్నాడు. జగిత్యాలలో ఆఫీసరు దగ్గరికి పోతే ఆయన కూడా బోర్డు లేని జాగకు కావలేందని ఇంటికి పొమ్మన్నాడట. ఎట్లుండెనో గట్ల రాసియ్యమన్నాడు. కింది అయిదు వరుసలూ నిలబడి గడగడా అప్పజెప్పాడు.

కింది వరుసలు రాస్తాను గానీ పైన తెలంగాణ అనే రాస్తానన్నాను.

"గా సర్కారు ఇంక పుట్టలే. రావాలె, వస్తది, నేను సుత అద్దంటలే. గని పుట్టనోని పేరు సూసి లారీ ఆగుతదా?"

నాకు తెలిసిందల్లా ఒక్కటే. ఆంధ్రప్రదేశ్ అన్న పేరు నా చేత్తో మళ్లీ రాయడం ఎవరైనా చూస్తే నా దుకాణం ఉండదు, నా చెయ్యీ ఉండదు. దూరంగా బస్టాండు వైపు నుంచి డప్పుల చప్పుడు, ఊరేగింపు వస్తోంది. రేపు రమ్మన్నాను. కదల్లేదు. మెట్టు మీద బోర్డు పక్కనే కూర్చున్నాడు. డప్పులు దగ్గరపడుతుంటే నేను లోపలికి పోయి షట్టర్ దించుకున్నాను. చీకట్లో రంగుడబ్బాల మధ్య నిలబడి విన్నాను. షట్టర్ మీద మోకుతో ఒకే ఒక్క దెబ్బ. తరువాత కర్ర చప్పుడు, కుంటుకుంటూ పోవడం. ఆ సొట్ట ఇప్పటికీ ఉంది. రోజూ దాని మీద చెయ్యి వేసే షట్టర్ ఎత్తుతాను.

మూడోనాడు గ్రానైటోళ్లు గుట్టను పేల్చారు. ఆయన తలకోసుకున్నవాడి రాతిని వాటేసుకొని పడుకుంటే, నలుగురు ఈడ్చుకెళ్లి ఆయన మోకుతోనే ఆయన్ని తాటిచెట్టుకు కట్టేశారు. కళ్లెదుట ఆరు రాళ్లు గాల్లోకి లేచాయి. ఎర్ర ఎద్దులున్న గోడ కూలింది. ఒక రాతిముక్క వచ్చి ఆయన ఎడమ చెవిని సగం కోసుకుపోయింది. కట్లు విప్పాక ఆయన కొట్టలేదట, ఒర్లలేదట. అది విన్నప్పుడు నాకు నిద్రపట్టలేదు. ఆ సీజను ముగియకముందే, రాయిలో పగుళ్లున్నాయి, పాలిష్‌కు పనికిరాదని మిషిన్లు ఎత్తుకొని పోయారు. తాటివనం అంచున ఉన్న ముఖం లేని రాయి ఒక్కటే మిగిలింది.

తెలంగాణ వచ్చిన రోజు కోరుట్ల నడిబజారులో నేనూ ఎగిరాను. ఒంటినిండా గులాల్. మనసారా ఏడ్చాను కూడా. ఆ మరునాడు లొద్దికి పోవాలనుకున్నాను. పోలేదు. అలా పోకుండా ఇన్నేళ్లు గడిపాను. పిరికితనానికి ఇంకో పేరు పెట్టను.

బ్యానర్ ఆయన ముఖం ఎట్లా ఉందో అట్లాగే కొట్టాను. మబ్బులు పెట్టలేదు. ఆమె చూసి, గిట్లనే ఉండెటోడు అంది. అప్పుడు గోనెసంచి విప్పింది.

బోర్డు. నీలం మీద తెల్లగా కింది అయిదు వరుసలూ కనిపిస్తున్నాయి. నా అక్షరాలే. నేను ఆర్టిస్టుగా చెబుతున్నాను, అది మనిషి చేసే పని కాదు. కిరసనాయిలు కాస్త ఎక్కువైతే నలుపుతోపాటు కింది తెలుపూ కరిగిపోతుంది. రోజూ ఇంత కిరసనాయిలు, చిటికెడు రాతిపొడి, వేలితో ఒక్కో అక్షరం రుద్దేవాడని ఆమె చెప్పింది. వేలిముద్రలు అరిగిపోయి రేషన్ మిషిను తీసుకోవడం మానేసిందట. పై వరుస మాత్రం అట్లాగే నల్లగా ఉంది.

అదెందుకు తుడవలేదని అడిగాను.

"గా వరుస మీది అన్నడు. మీరు రాయవల్సిన జాగనట. సచ్చే ముందట సుత గదే మాట. గిప్పుడు పుట్టింది గదా, ఇగ రాయమను అన్నడు."

ఆ జాగా ఇంకా లిస్టులోనే ఉందని, బోర్డు మాత్రం తమ దగ్గర లేదని ఈమధ్యే ఎవరో ఆఫీసరు చెప్పాడట. అక్కడ ఇంకేం మిగిలిందమ్మా కాపాడటానికి అనబోయాను. నా ముఖం చూసే పసిగట్టింది కాబోలు, ఒక్కటుంది గదా అంది.

ఫ్లెక్సీ మిషిను వచ్చాక నేను కుంచె ముట్టలేదు. ఆ ఒక్క వరుస రాయడానికి పొద్దంతా పట్టింది. కుదరక రెండుసార్లు తుడిచి మళ్లీ రాశాను. నా చేతిరాతలో ఇంత వంకర వరుస ఇంకోటి లేదు. రాయడం అయ్యాక ఆరు వరుసలూ గట్టిగా చదివాను. దుకాణంలో ఎవరూ లేరు.

దినాలు గడిచాక బోర్డు బండికి కట్టుకొని లొద్దికి వెళ్లాను. తాటిచెట్టు కింద బోర్డు పాతే గుంత అప్పటికే తవ్వి ఉంది. ఆమె మోకు భుజాన వేసుకొని కూర్చొని ఉంది. నన్ను చూసి లేవలేదు, రమ్మనలేదు. ఆ పాత రుమాలు నేల మీద పరిచింది.

"చాబీలు," అంది.

బండి తాళం వేశాను. దుకాణం తాళాలు వేశాను. ఆమె ఇంకా రుమాలు మడవలేదు. నా అంగీ జేబులో, వంకర పోయిన అక్షరం సర్దడానికి తెచ్చుకున్న కుంచె ఉంది. దాని వంకే చూస్తోంది.

"గది సుత."

తీసి రుమాలులో పెట్టాను.